పంటి క్యాపు వెల

ధనుర్మాసము ప్రవేశించినది మొదలు సంక్రాంతి వెళ్ళువఱకు హైదరాబాదు, విజయవాడ, గుంటూరు, విశాఖపట్టణములందలి దంతవైద్యశాలలలో కుర్చీ దొఱకుట కష్టము. అమెరికాలోను గల్ఫు దేశములలోను కాపురమున్న మనవారు సెలవులకు వచ్చి, పెద్దలను జూచి, పెండ్లిండ్లకు హాజరై, తిరిగిపోవులోపల పండ్లుగూడ బాగుచేయించుకొని పోవుట కొన్ని యేండ్లుగా నొక యాచారమైనది. "అక్కడ నొక్క క్యాపునకు లక్ష రూపాయలు, ఇక్కడ ఆఱువేలు" అను మాట ఆ దినములలో ప్రతి విందునందును వినవచ్చును. చెప్పువారికి సంతోషము, వినువారికి గర్వము. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని వెల యెవరి సంపాదనతో కొలువబడుచున్నదో విచారింపక, చౌక యనియు ప్రియమనియు తీర్మానించుట తూకపురాళ్ళు చూడక సరకు తూచుటవంటిది. ఆ రాళ్ళను ఒకమాఱు పరిశీలింతము.

క్యాపనగా నేమో చాలమంది యెఱుగుదురు. లోతుగా పుచ్చిన పంటికి రూట్ కెనాల్ చేసి లోపలి నరమును తొలగించిన పిమ్మట, మిగిలిన గోడలు పలుచనై, గట్టి పదార్థము కొఱికినపుడు చిట్లిపోవు భయముండును. దవడపండ్ల విషయమున నీ భయ మధికము. కనుక పంటి చుట్టు నొకటి రెండు మిల్లీమీటర్ల మేర అరగదీసి, అచ్చు తీసికొని, ల్యాబులో తొడుగు చేయించి, సిమెంటుతో అతికింతురు. మన తాతలనాడు బంగారు తొడుగు ఐశ్వర్యచిహ్నము; నవ్విన చాలు, ఆస్తి కనబడెడిది. తరువాత లోపల లోహమును పైన పింగాణియును గల తొడుగులు వచ్చినవి. వాని పేటెంటు 1962 నాటిది. నేడు జిర్కోనియా యను తెల్లని గట్టి పదార్థము వానిని వెనుకకు నెట్టుచున్నది.

మన పట్టణములలో లోహముపై పింగాణి గల క్యాపునకు సామాన్యముగా 3,000 మొదలు 7,000 రూపాయల వఱకును, జిర్కోనియా క్యాపునకు 8,000 మొదలు 20,000 వఱకును పుచ్చుకొనుచున్నారు. అమెరికాలో 1,000 మొదలు 1,800 డాలర్లు సామాన్యపు ధర. డాలరును 88 రూపాయలుగా గణించినచో నది తొంబదివేలకు చేరువ మొదలు లక్షన్నర దాటువఱకు నగును. బ్రిటనులో ప్రైవేటు వైద్యుని యొద్ద 600 మొదలు 1,000 పౌండ్ల వఱకు పట్టును. కావున పదిరెట్ల భేదమను మాట అతిశయోక్తి కాదు.

ఈ భేదమునకు మూలమేమి? అక్కడి పదార్థము శ్రేష్ఠము, ఇక్కడిది నాసి యని కొందఱు తలంతురు. ఇది పొరపాటు. మన మంచి ల్యాబులు వాడు జిర్కోనియా బిళ్ళలు జర్మనీ, జపాను, కొరియా, చైనా దేశముల కంపెనీలవి. అక్కడివారు వాడునవియు తఱచుగా అవియే. బిళ్ళను కోయు యంత్రము దిగుమతి, నోటి ఆకృతిని గ్రహించు స్కానరు దిగుమతి. స్వదేశపు క్యాపని మనము చెప్పుకొనుదానిలో స్వదేశీయమైనది పనివాని చేయి యొక్కటే. ఇక అమెరికా వైద్యులు వ్రాసియిచ్చు క్యాపులలో కొంతభాగము చైనాలోని ల్యాబులలో తయారగునవి. డల్లాసులో "అమెరికా క్యాపు" అని మురియువాని నోటిలోనిది పసిఫిక్ సముద్రము దాటి వచ్చినదై యుండవచ్చును.

భేదమంతయు మనుష్యుల కిచ్చు ప్రతిఫలమునందును, స్థలపు అద్దెయందును, ఋణమునందును ఉన్నది. అమెరికాలో అప్పుచేసి దంతవైద్యము చదివిన విద్యార్థి సగటున దాదాపు 3 లక్షల డాలర్ల బాకీతో కళాశాలనుండి వెలువడును. ఆ బాకీపై వడ్డీ, సహాయకుల జీతములు, దావాలకు భయపడి వైద్యుడు తనకై కట్టుకొను బీమా, రోగుల బీమా కంపెనీలతో ఉత్తరప్రత్యుత్తరములు నడుపు గుమాస్తాల జీతములు, ఇవన్నియు తుదకు రోగి పంటిమీదికే వచ్చును. ఇక్కడనో, ల్యాబులో కూర్చుండి కన్నులు కాయలు కాచునట్లు పింగాణి దిద్దు పనివాని నెలజీతము అక్కడి పనివాని రెండు మూడు దినముల సంపాదనకు మించదు. మన వైద్యుల నైపుణ్యమును మేము తక్కువచేయుట లేదు. కాని చౌకకు మొదటి కారణము ఆ నైపుణ్యము కాదు, పనివాని పేదఱికము. విందులలో గర్వపడువారు ఈ సంగతియును జ్ఞాపకముంచుకొనుట న్యాయము.

ప్రవాసి లెక్కయైనను వినునంత సులభము కాదు. అమెరికాలోని దంతబీమాలు క్యాపువంటి పెద్ద చికిత్సలకు సామాన్యముగా సగము ఖర్చు భరించును. సాలు మొత్తమునకు 1,000 మొదలు 2,000 డాలర్లకు మించి మాత్రము ఈయవు. కావున బీమా గలవానికి 1,200 డాలర్ల క్యాపు 600 డాలర్లకే పడవచ్చును. ఒక్క క్యాపునకై విమానమెక్కువాడు లెక్క నేర్చినవాడు కాడు. హైదరాబాదునకు రాకపోకల టిక్కెట్టే దానిని మించును. రెండు రూట్ కెనాళ్ళును నాలుగు క్యాపులును కావలసినవానికి, అందును ఎట్లైనను ఇంటికి రావలసియున్నవానికి, లాభము నిజమే. జగిత్యాలనుండియో సిరిసిల్లనుండియో గల్ఫునకు పోయిన కూలివాని సంగతి వేఱు. అతనికి అక్కడ పండ్లకు దొఱకు సహాయము అంతంతమాత్రము. రెండేండ్లకొకమాఱు లభించు సెలవే అతనికి వైద్యకాలము. పన్ను నొప్పిని రెండేండ్లు దాచుకొని తెచ్చువా డతడు.

వెలను గూర్చి కంటె తొందరను గూర్చి మాకు భయ మెక్కువ. మూడు వారముల సెలవు. అందులో చుట్టఱికములు, తిరుపతి ప్రయాణము, ఒక పెండ్లి, నడుమ నాలుగు పండ్లు! రూట్ కెనాల్ చేసిన పన్ను కుదుటబడినదో లేదో చూచి పిమ్మట క్యాపు వేయవలెను. అచ్చు తీసిన వారమునకో పదిదినములకో తొడుగు వచ్చును. దానిని పెట్టి చూచి, పైపంటికిని క్రిందిపంటికిని తాకుడు సవరించి, కొన్ని దినములు నమిలి చూడవలెను. సెలవు ముగియవచ్చినదని తొందరపెట్టిన రోగికి కాదనలేక, రెండు మెట్లు దాటవేయు వైద్యులు లేకపోలేదు. క్యాపు అంచు చిగురువద్ద వెండ్రుకవాసి ఎడమైనను అందు సూక్ష్మజీవులు చేరి, లోపలి పన్ను మరల పుచ్చును. ఇది ఏడాదికో రెండేండ్లకో గాని బయటపడదు. అప్పటికి రోగి అట్లాంటాలో, వైద్యుడు గుంటూరులో. అక్కడి వైద్యుడు వేఱొకడు చేసిన పనిని ముట్టుటకు జంకి, తీసివేసి క్రొత్తది వేసెదనని చెప్పును. ఆఱువేల క్యాపు ఒక్కటి చెడినయెడల లక్షాయాఱువేల క్యాపగును. కావున పనికి ముందు ఎక్స్‌రేయును, పిదప పదార్థము పేరును ల్యాబు పేరును వ్రాసిన చీటియును అడిగి పుచ్చుకొనుడు. ఊడినను పగిలినను మరల వేయు ఖర్చు ఎవరిదో ముందుగానే తేల్చుకొనుడు. అడిగినందుకు కోపించు వైద్యుని యొద్దకు పోకుడు.

ఇంతకంటె ఘోరము, ఆరోగ్యముగా నున్న పండ్లను సొగసుకొఱకు అరగదీయించుకొనుట. బ్రిటనులోని యువతీయువకులు చౌకయని టర్కీకి పోయి, వారము పదిదినములలో పదునాఱు ఇరువది పండ్లకు తెల్లని క్యాపులు వేయించుకొని వచ్చుచుండగా, "టర్కీ పండ్లు" అను పేరే అక్కడ పుట్టినది. బ్రిటిషు దంతవైద్యసంఘమువారు దీనిని గూర్చి పలుమాఱులు హెచ్చరించిరి. అరగిన ఎనామిల్ మరల పెఱుగదు. క్యాపు సామాన్యముగా పది పదునైదేండ్లు మన్నును. ఇరువదేండ్లవాడు దీనికి దిగినచో జీవితకాలమున మూడు నాలుగుమాఱులు మార్పించుకొనవలసివచ్చును. "స్మైల్ డిజైనింగ్" అను పలకలు మన నగరవీథులలోను వెలసినవి గనుక ఈ మాట దూరదేశపు ముచ్చట కాదు.

పండ్లకై సరిహద్దు దాటుట మనవారు కనిపెట్టిన విద్యయును కాదు. హంగరీదేశమున ఆస్ట్రియా సరిహద్దుచెంత మొషొన్‌మజరోవార్ అను చిన్నపట్టణము దంతవైద్యులతో నిండియున్నది; వియన్నావారు ఉదయమున వచ్చి పని ముగించుకొని పోవుదురు. అంతకంటె విచిత్రమైనది మెక్సికోలోని లాస్ అల్గొడోనెస్. అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు యూమా పట్టణమునకు చేరువగా, సరిహద్దు నానుకొని యున్న ఆ ఊరి జనాభా కొన్ని వేలు మాత్రమే, దంతవైద్యులు వందలకొలది. అమెరికనులు దానికి "దవడపండ్ల నగరము" అని పేరిడిరి. శీతకాలమున అమెరికా, కెనడా వృద్ధులు నడచి సరిహద్దు దాటి, క్యాపులు వేయించుకొని, మందులు కొనుక్కొని, సాయంకాలమునకు తిరిగి నడచివత్తురు.

ఈ ఊరికి కలిగిన భాగ్యమునకు కారణము వెదకిన, 1965వ సంవత్సరపు చట్టమొకటి కనబడును. ఆ యేట అమెరికా ప్రభుత్వము వృద్ధులకై మెడికేర్ స్థాపించినపుడు సాధారణ దంతచికిత్సను దానినుండి మినహాయించినది. గుండెకు చెల్లించును, మోకాలికి చెల్లించును, పంటికి చెల్లింపదు. అంతటి ధనిక దేశపు వృద్ధులు ఒక పంటికై పొరుగుదేశమునకు నడచిపోవుచున్నారనగా, ఆ దేశపు ధర ఆ దేశపు ప్రజలకే అందుట లేదన్నమాట. ఇదే ప్రశ్నను మనము మన ముంగిట నిలిచి వేసికొనవలసియున్నది. మన చౌకధర మన ప్రజల కందుచున్నదా?

డాలర్లను రూపాయలుగా మార్చుట మాని, దినముల కూలిగా మార్చి చూతము. అమెరికాలో కేంద్రప్రభుత్వము 2009లో నిర్ణయించిన కనీసపు కూలి గంటకు 7.25 డాలర్లు, 2025 నాటికిని అది మాఱలేదు. ఎనిమిది గంటల దినమునకు 58 డాలర్లు. 1,200 డాలర్ల క్యాపు అట్టివానికి ఇరువదియొక్క దినముల కూలి. మన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములకు 2025-26 సంవత్సరమునకు ఉపాధిహామీ పథకమున ప్రకటించిన దినకూలి 307 రూపాయలు. 6,000 రూపాయల క్యాపు ఇరువది దినముల కూలికి రమారమి సమానము. పదిరెట్ల భేదము ఎచటికి పోయినది?

ఈ లెక్కకు ఆక్షేపణ చెప్పవచ్చును. అమెరికాలో చాల రాష్ట్రములు కేంద్రపు కూలికంటె హెచ్చుగా నిర్ణయించినవి. కాలిఫోర్నియాలో 2025లో గంటకు 16.50 డాలర్లు. అచట అదే క్యాపు తొమ్మిది దినముల కూలితో వచ్చును. మన పల్లెలలోను నాట్లకు, మిరపకోతలకు 307 రూపాయలకు మించి ఇచ్చుచున్నారు. కాని ఆ పని ఏడాది పొడవున నుండదు. ఎట్లు త్రిప్పి చూచినను తేలునది యొకటే. డాలర్లలో సంపాదించి రూపాయలలో ఖర్చుపెట్టువానికే మన క్యాపు చౌక. రూపాయలలో సంపాదించి రూపాయలలో ఖర్చుపెట్టు కూలివానికి అది అమెరికాలోని పేదవానికి ఎంత ప్రియమో అంత ప్రియము. పైగా మేము వేసినది క్యాపు వెల మాత్రమే. దానికి ముందు రూట్ కెనాల్ ఖర్చు కలదు, పట్టణమునకు నాలుగుమాఱులు తిరుగు ఛార్జీలు కలవు, ఆ నాలుగు దినముల కూలినష్టము కలదు.

కావున కూలివాడు పన్ను పీకించుకొనును. కొన్ని వందల రూపాయలతో, ఒక్క పూటతో ముగియును. పీకినచోట ఖాళీవైపునకు ఇరుగుపొరుగు పండ్లు ఒరుగును, ఎదుటి దవడపన్ను దిగివచ్చును, నమలుట రెండవ ప్రక్కకు మాఱును, కొన్నాళ్ళకు ఆ ప్రక్కయును చెడును. మన పొలములలో పనిచేయు స్త్రీపురుషులను ఒకమాఱు గమనింపుడు. నలుబదియైదేండ్లు నిండకముందే దవడలు లోనికి పోయి, జొన్నరొట్టెను పులుసులో నానబెట్టి మ్రింగువారు ప్రతి గ్రామమునను కనబడుదురు. భూస్వాములైన మా చదువరులు తమ కల్లములలోనే వారిని చూడగలరు. ఆ నోళ్ళు మన వైద్యయాత్రల ప్రకటనపత్రములలో కనబడవు.

ఇచట చరిత్రలోని యొక కాకతాళీయమును చెప్పవలసియున్నది. 1948 జూలైలో బ్రిటను జాతీయ ఆరోగ్యసేవను స్థాపించి, పండ్లను సైతము ఉచిత చికిత్సలో చేర్చినది. ఎంతోకాలముగా పండ్లు పాడుచేసికొనియున్న జనము వెల్లువగా వచ్చి పడిరి. ఖర్చు భరింపలేక 1951లో ప్రభుత్వము కట్టుడుపండ్లకును కండ్లద్దములకును రుసుము విధింపబూనగా, ఆ సేవను స్థాపించిన అన్యూరిన్ బెవన్ మంత్రిపదవినే వదలుకొనెను. ఇంగ్లండులో 2025 ఏప్రిలునుండి విధించిన రుసుము ప్రకారము, క్యాపులతో గూడిన ఒక చికిత్సాక్రమమునకు 326 పౌండ్ల 70 పెన్నీలు. అవసరమైన క్యాపు ఒకటియైనను మూడైనను రుసుము అంతియే. అట్టి వైద్యుడు దొఱకుట నేడు అక్కడ దుర్లభమైనదని జనులు మొఱపెట్టుచున్నారు, అది నిజమే. అయినను పన్ను ప్రభుత్వపు బాధ్యతయను సూత్రము నిలిచియున్నది. అదే 1948లో మన దేశమునను దంతవైద్యుల చట్టము పుట్టినది. ఎవరు దంతవైద్యము చేయవచ్చునో, ఎవరు చేయరాదో అది నిర్ణయించినది. ఎవరికి చికిత్స అందవలెనో అను ప్రశ్న దానిలో లేదు. 2023లో దానికి బదులుగా జాతీయ దంత కమిషను చట్టము వచ్చినది. అదియును విద్యను, వృత్తిని క్రమపఱచునదే.

వైద్యులు తక్కువయా? లేదు. 1920లో డాక్టరు ఆర్. అహ్మదు కలకత్తాలో దేశపు మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించిన నాటికిని నేటికిని పోలిక లేదు. ఇప్పుడు మూడు వందలకు పైగా కళాశాలలు, ఏటేట ఇరువదివేలకు మించి సీట్లు. పట్టభద్రుడైన యువకుడు పట్టణములో ఒకే వీథియందు నాలుగవ క్లినిక్కు తెఱచి ఈగలు తోలుకొనుచుండును, లేదా పెద్ద క్లినిక్కులో స్వల్పజీతమునకు కుదురుకొనును. ముప్పది మైళ్ళ దూరమున ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో దంతవైద్యుని పదవియే సామాన్యముగా నుండదు. హైదరాబాదు, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలలో తక్కువ రుసుముతో మంచి చికిత్స లభించుచున్నది. కాని అచ్చంపేటనుండియో అద్దంకినుండియో ఒక పంటికై నాలుగుమాఱులు రాగలవా డెవ్వడు? ఆరోగ్యశ్రీ 2007లో ఆరంభమైనది మొదలు ప్రాణాపాయ వ్యాధులకు, ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సలకు ఎంతో మేలుచేసినది. కుర్చీలో కూర్చుండి పొందు దంతచికిత్స దాని యుద్దేశము కాదు. ప్రైవేటు ఆరోగ్యబీమాలును ప్రమాదమున విరిగిన పంటికి తప్ప సామాన్యముగా చెల్లింపవు.

నల్లగొండ, ప్రకాశము జిల్లాలవారికి ఈ విషయమున వేఱొక కష్టము కలదు. అప్పటి మద్రాసు రాజధానిలో, నెల్లూరు జిల్లా గ్రామములలో ఫ్లోరోసిస్ వ్యాధి ప్రబలియున్నదని 1937లోనే వైద్యపత్రికలో ప్రకటింపబడినది. బాల్యమున దంతములు ఏర్పడునపుడు ఫ్లోరైడు హెచ్చుగా గల నీరు త్రాగినవారి పండ్లపై పసుపు, గోధుమరంగు చారలు జన్మాంతము నిలిచిపోవును. తెలంగాణమున 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నదీజలమును ఆ గ్రామములకు తెచ్చినది. పుట్టబోవు బిడ్డల పండ్లకు అది రక్ష. కాని బోరునీరు త్రాగి పెఱిగిన యువతీయువకులు నేడు సంబంధములు చూచు వయసునకు వచ్చినారు. "ముందరి ఎనిమిది పండ్లకును క్యాపులు వేయింపుడు" అని సలహా యిచ్చువారు వారికి దొఱకుచున్నారు. ఎనిమిది జిర్కోనియా క్యాపులనగా లక్షకు చేరువ. ఆడపిల్ల తండ్రి అప్పుచేయును. స్వల్పపు చారలకు తెలుపుచేయు మందులతోను, పైపొరను కొంచెము రుద్దుటతోను, పన్నురంగు పూతతోను చాలవఱకు సరిపోవును. అరగదీయవలసిన పనియే యుండదు. ఈ మాట ఆ తండ్రికి చెప్పుటకు మండలములో నొక ప్రభుత్వ దంతవైద్యుడుండిన అప్పు తప్పును.

అట్టి వైద్యుని నియమించుటకు క్రొత్త కళాశాలలు కట్టవలసిన పనిలేదు. చదివి పనిలేక యున్నవారు చాలమంది కలరు. ప్రభుత్వ దంతవైద్య కళాశాలలందలి ల్యాబులను పెంచి, మండలములనుండి పంపిన అచ్చులకు క్యాపులు చేయించి యిచ్చినచో, కూలివాడు తన ఊరి చేరువనే పన్ను నిలుపుకొనును. వెలల విషయమున 2010 నాటి కేంద్రచట్టమొకటియు, దాని 2012 నియమములును, క్లినిక్కులు తమ రేట్లను స్థానికభాషలో ప్రదర్శింపవలెనని చెప్పుచున్నవి. అన్ని రాష్ట్రములు ఆ చట్టము నవలంబింపలేదు, అవలంబించినచోటను పలకలు కనబడుట అరుదు. మన రెండు ప్రభుత్వములును ఈ యొక్క సంగతినైనను నిక్కముగా అమలుజరుపవలెనని మేము కోరుచున్నాము. ఆ పలకపై పన్ను పీకుటకు ఎంతయో, పన్ను నిలుపుటకు ఎంతయో, రెండు వెలలును ప్రక్కప్రక్కన తెలుగులో వ్రాయింపవలెను.